తెలియదన్న పద్నాలుగుమంది

"ఇవి ఇంటర్వ్యూలు కావండీ," అంది జయమణి, కాగితాల కట్ట బల్లమీద పెడుతూ.

భవానీప్రసాద్ అప్పుడే కుండలో మంచినీళ్ళు ముంచుకుని తాగి వస్తున్నాడు. చిల్లకల్లు నుంచి నందిగామ దాకా బస్సులో నిలబడి రావడంతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయినా హుషారుగానే ఉన్నాడు. రెండు రోజుల్లో ముప్ఫై షెడ్యూళ్ళు, అంటే ప్రశ్నల కాగితాలు, పూర్తిచేసిన ట్రైనీ తనొక్కడే.

"కాకపోతే ఏంటండీ అవి?"

"పదహారు ఇంటర్వ్యూలు. మిగతా పద్నాలుగూ ఉత్త కాగితాలు."

అది పంతొమ్మిది వందల అరవై రెండు, మే నెల. నందిగామ హైస్కూలుకు వేసవి సెలవులు. ఆ ఖాళీ గదుల్లో యూనివర్సిటీ రాజనీతిశాస్త్ర విభాగం వాళ్ళు పరిశోధనా పద్ధతుల మీద ఆరు వారాల ట్రైనింగ్ పెట్టారు. పొద్దున పాఠాలు, తర్వాత ఊళ్ళమీద పడటం. ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికల్లో జనం ఎవరికి ఓటేశారు, ఎందుకేశారు అన్నది అడిగి తెలుసుకోవాలి. ట్రైనీలు పదకొండుమంది. చివర్లో వాళ్ళలో ఒక్కరిని ఏడాదిపాటు రిసెర్చ్ అసిస్టెంటుగా వాల్తేరు తీసుకెళతారు.

భవానీప్రసాద్ ఎమ్మే ఫస్టుక్లాసు. పెనుగంచిప్రోలులో ఇరవై ఎకరాల రైతు వెంకటరత్నంగారి ఒక్కగానొక్క కొడుకు. ఆ ఉద్యోగం తనదేనని అందరితోపాటు అతనూ అనుకుంటున్నాడు. జయమణి బీయే. జగ్గయ్యపేట మిషన్ స్కూల్లో టీచరు. తండ్రి ఆశీర్వాదంగారు కూడా అదే స్కూల్లో టీచరు. పదకొండుమందిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆ వారం షెడ్యూళ్ళు తనిఖీ చేసే పని ఆమెకు పడింది.

"పద్నాలుగుమంది ఆడవాళ్ళు. పద్నాలుగింటిలోనూ ప్రతి ప్రశ్నకీ తెలియదు, తెలియదు, తెలియదు," అంది జయమణి.

"వాళ్ళు చెప్పిందే రాశానండి."

"మొదటి ఇంట్లో మీరెక్కడ కూర్చున్నారు?"

"అరుగుమీద. మంచం వేశారు."

"ఆవిడ?"

"గుమ్మం లోపల."

"వాళ్ళాయన?"

"నా పక్కన." భవానీప్రసాద్‌కి ఈ వరస నచ్చలేదు. "ఆడాళ్ళకేం తెలుసండీ, తెలీదని రాసుకోండి అన్నాడాయన. ఆవిడ్ని అడిగితే ఏమో అంది. నేను కల్పించలేదు."

"కల్పించారని నేననలేదు. మీరడిగింది ఆవిడ్ని కాదంటున్నా."

పక్క గదిలోంచి ప్రొఫెసర్ జగన్నాథరావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. ఆయన ఎవరి పక్షమూ తీసుకోని మనిషి.

"నీ జవాబులు సరైనవని నీకు నమ్మకం ఉందా, భవానీ?"

"ఉందండి."

"కావని నీకు నమ్మకం ఉందా, జయమణీ?"

"ఉందండి."

"ఇద్దరికీ నమ్మకాలున్నాయి. నాకు రుజువు కావాలి. ఆ పద్నాలుగుమందినీ మళ్ళీ కలవండి."

"ఈవిడ అడిగితే మాత్రం సరైన జవాబొస్తుందాండీ?" అన్నాడు భవానీప్రసాద్. "టీచరుగారు. ఈవిడ మొహం చూసి, ఏం చెబితే సంతోషపడుతుందో అదే చెబుతారు. అదీ జవాబు కాదుగా."

జయమణి కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున భవానీప్రసాద్ వచ్చేసరికే ఆమె వరండాలో ఉంది.

"నిన్న మీరన్న మాట సరైందేనండి. నిన్ననే ఒప్పుకోబుద్ధి కాలేదు," అంది.

ఆమెతో వాదించడానికి అతను దారి పొడుగునా నాలుగు పాయింట్లు తయారు చేసుకున్నాడు. ఇప్పుడు వాటితో పనే లేకపోయింది.

"అందుకని ఎవరికి వేశారో నేనూ నోటితో అడగను," అంది ఆమె. "చీటీమీద గుర్తుల బొమ్మలు వేసిద్దాం. ఎద్దుల జత, కంకి కొడవలి, నక్షత్రం, అన్నీ. వెనక నంబరు తప్ప పేరుండదు. ఆవిడే పెన్సిలుతో గీత పెట్టి, మడిచి, పెట్టెలో వేస్తుంది. నేను కూడా చూడను. చదువు రానివాళ్ళయినా వేయొచ్చు."

"పెట్టె ఎక్కడుంది?"

"అదే ఆలోచిస్తున్నా."

సాయంత్రానికి భవానీప్రసాద్ బిస్కట్ డబ్బా ఒకటి సంపాదించి, ఉలితో మూతకు చీలిక కొట్టి తెచ్చాడు. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వేలికేమైందండీ?"

"ఏం లేదు."

"చూపించండి." చూసి, "ఇంత ఒంకరగా ఎవరైనా కట్టుకడతారా," అని విప్పి మళ్ళీ కట్టింది. కడుతున్నంతసేపూ భవానీప్రసాద్ గోడమీది ఇండియా మ్యాపు చూస్తూ నిలబడ్డాడు. అందులో ఒక్క ఊరి పేరూ అతనికి కనపడలేదు.

చిల్లకల్లులో మొదటి ఇంట్లోనే చిక్కొచ్చింది. సాంబయ్య అనే రైతు గుమ్మంలోంచి కదలనన్నాడు.

"నా పెళ్ళాంతో మాట్లాడ్డానికి నన్నెందుకు బయటికి పొమ్మంటారు?"

జయమణి భవానీప్రసాద్ వైపు చూసింది. అతనికి ఏం చేయాలో ఆ చూపులోనే అర్థమైంది.

"మీతో నాకు వేరే పనుంది సాంబయ్యగారూ. ఈ ఏడు మిరప తెగులు గురించి ఒకళ్ళిద్దర్ని అడిగితే మీరే చెప్పగలరన్నారు. హోటలు దాకా వస్తారా?"

సాంబయ్య గంటన్నర చెప్పాడు. భవానీప్రసాద్ నాలుగు గ్లాసుల టీ తాగాడు. మూడు రోజులపాటు అతని పని అదే అయింది. ఆమె లోపల ఆడవాళ్ళతో ఉన్నంతసేపూ ఇతను మగవాళ్ళను హోటల్లో కూర్చోబెట్టి వినడం.

"ఏం చెప్పారివాళ?" అని అడిగింది మూడో రోజు.

"తెగులు, పేను, పురుగు, మందు. ఇంక నేను పొలంలో దిగడమే తరువాయి."

"మీకు పొలముందిగా?"

"ఉంది. నేను దిగితే పాడవుతుందని మా నాన్న గట్టుమీదే నిలబెడతాడు."

జయమణి నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ బుగ్గ మాత్రమే సొట్ట పడుతుందని అతను ఆ రోజే గమనించాడు.

అంతలో వాన మొదలైంది. మే నెల వాన, ఉన్నట్టుండి దబదబా పడిపోయే వాన. ఇద్దరూ రోడ్డుపక్క లారీలు బాగుచేసే రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు. పెట్టెను ఆమె పైటచెంగు కింద దాచింది. రేకులమీద చప్పుడుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"అసలు ఈ ట్రైనింగుకి ఎందుకొచ్చారండీ మీరు?" అన్నాడు.

"ఫిబ్రవరిలో నాకు పోలింగ్ డ్యూటీ పడింది. ఆడవాళ్ళ వేళ్ళకి సిరా పెట్టే పని. నాలుగొందల వేళ్ళు. కొంతమంది ఓటు కాగితం పట్టుకుని తెర వెనక చాలాసేపు ఉండేవాళ్ళు. బయట మగాళ్ళు కసురుకునేవాళ్ళు, ఇంతసేపేంటని. ఏమీ తెలీనివాళ్ళు అంతసేపు ఎందుకుంటారు అనిపించింది. ఎవర్నడగాలో తెలీలేదు. పేపర్లో ఈ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టా." వాన వైపు చూస్తూ చెప్పి, అతని వైపు తిరిగింది. "మీరు?"

"ఎండాకాలం ఇంట్లో ఉంటే మా నాన్న లా కాలేజీలో చేర్పిస్తాడని."

ఈసారి ఆమె ఎంత నవ్విందంటే పెట్టె జారి పడబోయింది. ఇద్దరూ ఒకేసారి పట్టుకున్నారు. వాన వెలిసిపోయిందని కాసేపటిదాకా ఎవరూ గమనించలేదు.

పదమూడుమంది పూర్తయ్యారు. పద్నాలుగో మనిషి ఆరోగ్యమ్మ ఊళ్ళో లేదు. రోడ్డు పనికి గరికపాడు వైపు వెళ్ళిందన్నారు.

"పక్కింటావిడ్ని అడిగేస్తే సరిపోదా సార్?" అన్నారు మిగతా ట్రైనీలు.

"ఓటర్ల జాబితాలోంచి లాటరీలో వచ్చిన పేరు అది. దాని బదులు ఇంకో పేరు లేదు," అన్నారు జగన్నాథరావుగారు.

"నేనెళ్తానండి," అన్నారు జయమణి, భవానీప్రసాద్ ఒకేసారి.

గరికపాడులో బస్సు దిగేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. తెలంగాణా వైపు నుంచి వచ్చిన మేస్త్రీ చేయి చాచి చూపించాడు. "గాడ ఉన్నది సారూ, ఆ తాటాకుల పందిరి కాడ." రెండు మైళ్ళ నడక. జయమణి కాగితాలు, పెట్టె పట్టుకుంది. గొడుగు అతను పట్టుకున్నాడు.

నలభై ఏళ్ళుంటాయి ఆరోగ్యమ్మకు. చిన్న సుత్తితో కంకర కొడుతోంది. భవానీప్రసాద్ దూరంగా మైలురాయి దగ్గర ఆగిపోయాడు. ఇద్దరాడవాళ్ళూ అరగంట మాట్లాడుకున్నారు. చీటీ పెట్టెలో పడ్డాక ఆరోగ్యమ్మ అతన్ని చెయ్యూపి పిలిచింది.

"నువ్వే కదూ బాబూ, ఆ రోజు మా ఇంటికొచ్చింది?"

"నేనేనమ్మా."

"తెలీదని రాసుకున్నావంట."

"మీరు ఏమో అన్నారు కదమ్మా."

"ఏమో అంటే తెలీదని కాదు బాబూ. నీకు చెప్పనని." సుత్తి పక్కన పెట్టి చెమట తుడుచుకుంది. "నీ పక్కన మా ఆయన. నువ్వా, మోతుబరి బిడ్డవి. నా మాట నేను చెబితే రేపు నాకు కూలి ఎవరిస్తారు? నీకు కోపం రాకుండా, మా ఆయనకి కోపం రాకుండా ఏమో అన్నాను."

భవానీప్రసాద్ తలొంచుకున్నాడు. ఎమ్మేలో అతను రాసిన ఏ పరీక్షలోనూ ఇంత తేలిగ్గా తప్పు పట్టుబడలేదు.

"తప్పు నాదేనమ్మా. నేనడిగిన తీరు బాగాలేదు."

ఆరోగ్యమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి జయమణితో అంది. "ఈ బాబు నీకేమవుతాడమ్మా?"

"ఏమీ కాడు. కలిసి పనిచేస్తున్నాం."

"అట్టాగా. దగ్గరికొచ్చిన కాడ్నించీ గొడుగు నీమీదే పట్టాడు. ఆయన మొహం చూడు, మాడిపోయింది."

తిరుగు నడకలో గొడుగు ఇద్దరి మధ్యకూ వచ్చింది.

పెట్టె ప్రొఫెసరుగారే విప్పారు. పద్నాలుగుమందిలో పన్నెండుమంది స్పష్టంగా గీత పెట్టారు. ఒకామె ఖాళీ చీటీ వేసింది. ఇంకొకామె ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక అన్ని గుర్తుల మీదా గీతలు పెట్టింది. పన్నెండుమందిలో అయిదుగురి జవాబు, మొదటిసారి అరుగుమీద భర్తలు తమ ఓటు గురించి చెప్పినదాంతో కలవలేదు.

భవానీప్రసాద్ తన పాత షెడ్యూళ్ళు తీసి ప్రతిదాని మీదా రాశాడు. 'తెలియక కాదు. చెప్పే వీలు నేను కల్పించలేదు.' కింద సంతకం పెట్టి, ట్రైనీలందరి ముందూ లేచి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆఖరిదాకా చదివాడు. జయమణి తలెత్తి అతన్నే చూస్తూ కూర్చుంది.

ఆ వారమే జగ్గయ్యపేట నుంచి ఆశీర్వాదంగారు దిగారు. తెల్ల లాల్చీ, చేతిలో గుడ్డ సంచి. గరికపాడు రోడ్డుమీద టీచరుగారమ్మాయి ఒక గొడుగు కింద ఎవరితోనో కనిపించిందన్న కబురు ఆయనకంటే ముందే జగ్గయ్యపేటంతా తిరిగింది.

"సామాను సర్దుకో తల్లీ. ట్రైనింగ్ చాలు."

"ఇంకా ఆరు రోజులుంది నాన్నా."

"నీ మంచికే చెబుతున్నా. రేపు స్కూలు కమిటీవాళ్ళు ఏమంటారో."

"నేను చేసింది పని. అది మధ్యలో వదిలేసి వస్తే, వాళ్ళనుకుంటున్నది నిజమని నేనే ఒప్పుకున్నట్టు. ఆరు రోజులయ్యాక మీరు ఏ కమిటీ ముందుకైనా రమ్మనండి, వస్తా."

ఆమె కుర్చీలో కూర్చుని మళ్ళీ కాగితాలు ముందుకు లాక్కుంది. ఆశీర్వాదంగారు వరండా బెంచీమీద కూర్చున్నారు. గంట చూశారు. కూతురు ఒక్కో జవాబుకూ అంకె వేస్తూ, లెక్క తేలకపోతే మళ్ళీ మొదట్నించీ మొదలుపెడుతూ పనిచేస్తోంది. ఆయన లేచి ఒక షెడ్యూలు అందుకోబోయారు.

"అవి బయటివాళ్ళు చూడకూడదు నాన్నా."

ఆశీర్వాదంగారు చేయి వెనక్కి తీసుకున్నారు. ఆయన మొహంలోకి ఒక చిన్న నవ్వు వచ్చింది. అంతలో భవానీప్రసాద్ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

"గరికపాడు వెళ్ళింది మీరేనా బాబూ?"

"నేనేనండి."

"దాచలేదేం?"

"దాచాల్సిన పని చేయలేదండి."

ఆశీర్వాదంగారు మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, సాయంత్రం బస్సుకు ఒక్కరే వెళ్ళిపోయారు.

జూన్ రెండో వారంలో ట్రైనింగ్ ముగిసింది. రిసెర్చ్ అసిస్టెంటు ఉద్యోగం జయమణికి వచ్చింది. భవానీప్రసాద్‌కి బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆమె పేరు చదివినప్పుడు ముందుగా చప్పట్లు కొట్టింది అతనే.

నందిగామ బస్టాండులో ఆమె జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

"మీతో ఒక మాట చెప్పాలండి," అన్నాడు.

"రెండు రోజుల్నుంచీ చెబుతారేమోనని చూస్తున్నా."

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నా."

"అనుకుంటున్నారా, నిర్ణయించుకున్నారా?"

"నిర్ణయించుకున్నా. మీరొప్పుకుంటే."

జయమణి కాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "వాల్తేరు ఉద్యోగం ఏడాదీ చేస్తా. మధ్యలో మాననండి. నేను చర్చికి వెళ్ళడం మానను, మిమ్మల్ని రమ్మనీ అడగను. మీ ఇంట్లో చెప్పకుండా మాత్రం ఏదీ వద్దు."

"అన్నీ సరే. ఇంతకీ నేనంటే ఇష్టమేనా?"

"ఇష్టం లేనివాళ్ళతో ఇన్ని షరతులు మాట్లాడతానాండీ," అని బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికాక, ఎడమ బుగ్గమీద సొట్ట పడేలా నవ్వింది. తొలకరి చినుకులు అప్పుడు మొదలయ్యాయి.

భవానీప్రసాద్ ఆ సాయంత్రమే పెనుగంచిప్రోలు వెళ్ళి తండ్రితో చెప్పాడు. వెంకటరత్నంగారు అరవలేదు. ఆ రోజునుంచీ కొడుకుతో మాట్లాడటం మానేశారు. అన్నం తినమని చెప్పాలన్నా, "వాడికి చెప్పు," అని భార్య దుర్గాంబతో అనేవారు. భవానీప్రసాద్ బెజవాడ కాలేజీలో ట్యూటరుగా చేరాడు. ప్రతి ఆదివారం ఇంటికొచ్చి, తండ్రి ఎదురుగా కూర్చుని, అదే మాట చెప్పి వెళ్ళేవాడు. ఆరు నెలలు గడిచాయి.

'మా ఇంట్లో అందరూ వద్దంటున్నారు,' అని డిసెంబరులో జయమణికి ఉత్తరం రాశాడు.

'అందరూ అంటే ఎంతమంది? విడివిడిగా అడిగారా?' అని జవాబొచ్చింది.

ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకుని, వచ్చిన ఆదివారం తండ్రి పొలానికి వెళ్ళాక తల్లి దగ్గర కూర్చున్నాడు. దుర్గాంబ తిరగలిలో కందులు విసురుతోంది.

"అమ్మా, నువ్వేమంటావు?"

తిరగలి ఆగింది.

"నాకిష్టమా అంటే, లేదురా. మన ఇంటి పద్ధతులు తెలిసిన పిల్లయితే బాగుండుననే ఉంటుంది నాకు. నువ్వు మానుకోవాలా అంటే, మానుకోవద్దు. ఒక ఆడపిల్లకి మాటిచ్చి ఇన్నాళ్ళు ఆశపెట్టి, ఇప్పుడు మీ నాన్న మొహం చూసి వెనక్కి తగ్గుతావా?"

"మరిన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"మీరిద్దరూ మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. మధ్యలో నన్నెవరడిగారు?" కందులు మళ్ళీ తిరగలిలో పోసింది. "ఆ పిల్ల వచ్చినప్పుడు చెప్పు. నేనే వెళ్తా."

క్రిస్మస్‌కి జయమణి జగ్గయ్యపేట వచ్చింది. దుర్గాంబ భర్తతో, "మీకు కోడలు కాబోయే పిల్లని చూసొస్తా," అని చెప్పి మరీ కొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆశీర్వాదంగారి ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. దుర్గాంబను చూసి ఆయన కంగారుపడి కుర్చీ వరండాలో వేశారు.

"లోపల కూర్చుంటానండీ," అని ఆమె గదిలోకి వెళ్ళి మంచమ్మీద కూర్చుంది.

ఆశీర్వాదంగారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "మీరు పెద్దమనసుతో వచ్చారమ్మా. కానీ దాచుకోకుండా అడుగుతున్నా. ఊరవతల మా పేట పేరు వింటేనే మీ వీధిలో మమ్మల్ని ఎక్కడ నిలబెడతారో నాకు తెలుసు. రేపు నా బిడ్డ మీ ఇంట్లో ఎక్కడ నిలబడాలి?"

భవానీప్రసాద్ జవాబు చెప్పబోయాడు. తల్లి చేత్తోనే అతన్ని ఆపింది.

జయమణి తల్లి కృపావతి కాఫీ గ్లాసుతో వచ్చి, ఇవ్వాలా వద్దా అని సగం దూరంలో ఆగిపోయి ఉంది. దుర్గాంబ లేచి వెళ్ళి ఆమె చేతిలో గ్లాసు అందుకుంది. తిరిగొచ్చి మంచమ్మీద కూర్చుని తాగింది.

"మా ఆయన సంగతి నేను మాటివ్వలేనన్నయ్యగారూ," అంది గ్లాసు కింద పెట్టి. "మా వీధి సంగతీ ఇవ్వలేను. నా వంటింట్లోకి మాత్రం మీ బిడ్డ నా కూతురు వచ్చినట్టు వస్తుంది. ఆ మాట ఇవ్వడానికే వచ్చా."

ఆశీర్వాదంగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. జయమణి వచ్చి దుర్గాంబ పక్కన కూర్చుంది.

వాల్తేరు ఉద్యోగం ఏడాదీ పూర్తయ్యాక, మరుసటి జులైలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. సాక్షులుగా జగన్నాథరావుగారు, ఆశీర్వాదంగారు, దుర్గాంబ సంతకాలు పెట్టారు. వెంకటరత్నంగారు రాలేదు.

పదో రోజున బెజవాడలో వాళ్ళ అద్దె ఇంటి ముందు బియ్యం బస్తాతో రిక్షా ఆగింది. వెంకటరత్నంగారు దిగి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చారు. జయమణి వడ్డిస్తే మాట్లాడకుండా భోంచేశారు. మజ్జిగలోకి ఊరగాయ మరోసారి వేయించుకున్నారు. గుమ్మం దాటబోతూ ఆగి, ఎదురుగా వచ్చి కూర్చున్నా ఏడాదిగా తను తలెత్తి చూడని కొడుకు మొహంలోకి చూశారు.

"నాట్లు మొదలవుతున్నాయిరా," అన్నారు. "ఇద్దరూ వచ్చి నాలుగు రోజులుండండి."